నకలులో తగ్గిన బస్తాలు

గుంటూరు కోల్డ్‌స్టోరేజీ ఆఫీసులో బల్ల వెనక యజమాని యలమందయ్యగారు, ఆయన ఎదుట కాపలాదారు ఎలీషా, పక్కన కంప్యూటరు ముందు నిల్వల లెక్కకు పీహెచ్‌పీ ప్రోగ్రాము రాసిన జ్యోతిర్మయి ఉన్నారు.

"కంప్యూటర్లో ఉన్న బస్తాలు గదుల్లో లేవు. మిరపకాయల్ని ఎలకలు తిన్నాయంటావురా? పోలీసులకు చెప్పుకో." యలమందయ్యగారు ఫోను అందుకున్నారు.

"పిల్లల మీద ఒట్టండీ, నేను తియ్యలేదు." ఎలీషా ఏడ్చాడు.

తెర మీద తన ప్రోగ్రాములో ఒక వరుస దగ్గర జ్యోతిర్మయి చూపు ఆగింది. నోరు విప్పితే తన ఉద్యోగం పోతుంది.

"తప్పు నాదండీ. బస్తాలు బయటికెళ్లినప్పుడల్లా నిల్వ తగ్గించే ఫంక్షనుకు అసలు అంకె కాదు, నకలు అందుతోంది. నకలే తగ్గి, కంప్యూటర్లో పాత లెక్కే మిగిలింది. మచ్చుకాయలు ఎన్ని తుంచినా బస్తాలో కాయ తెగదు గదండీ? అసలుదే అందాలంటే ఫంక్షనులో ఆ అంకె పేరుకు ముందు & గుర్తుండాలి. నేను పెట్టలేదు."

యలమందయ్యగారు ఫోను పెట్టేసి, లేచి నిలబడ్డారు.

"నీ ఉద్యోగం సంగతి తర్వాత. ఒక నిర్దోషిని కాపాడినందుకు, అమ్మా, నీకు నమస్కరిస్తున్నాను."