నూనె గుడ్డ

"తుపాకీ తియ్యనేదా, తియ్యలేకపోయినావా? ఒకటి సెప్పు."

శ్రీకుమార్ అలా అడగడం మూడోసారి. బల్లకు అవతల నిలబడ్డ మోహన్‌రాజ్ తల ఎత్తలేదు.

"సెయ్యి ఆడనేదన్నా. మేనేజరుకీ అదే సెప్పినాను. అదే రాసీ. సంతకం పెట్టేసి పోతాను."

బయట వాన. గాలి విసిరినప్పుడల్లా చినుకులు కిటికీ అద్దం మీద టకటకమంటున్నాయి. శ్రీకుమార్ ప్రతిసారీ అటు చూస్తున్నాడు. సెల్లప్పన్ కాపలా పని దిగి వచ్చి, వేలి ఉంగరంతో ఆ అద్దం మీదే కొట్టి "మచ్చాన్, టీకి రా లా" అని, మలేసియాలో అందరిలా మాట చివర 'లా' తగిలించి పిలిచేవాడు. శ్రీకుమార్ చెల్లెలు విజయరాణి మొగుడు. తమిళుడు గనక బావమరిదిని మచ్చాన్ అనేవాడు. పోయి నలభై రోజులైంది. చినుకులు ఇంకా అతనిలాగే కొడుతున్నాయి.

హుటాన్ మెలింటాంగ్‌లో నగల కొట్టు మీదికి ఇద్దరు కత్తులతో వచ్చినప్పుడు, తలుపు దగ్గర లాఠీతో అడ్డం నిలబడ్డది సెల్లప్పన్. నడుముకు రివాల్వర్ ఉన్నది మోహన్‌రాజ్‌కు. లాఠీ ఉన్నవాడు పోయాడు, రివాల్వర్ ఉన్నవాడు మిగిలాడు. ఒరలోంచి తియ్యనే లేదన్న తుపాకీ, ఆరు తూటాలకు ఆరూ ఉన్నాయి. పేలని తుపాకీ గనక పోలీసులు దాన్ని పట్టించుకోలేదు. మేనేజరు దాన్ని అలాగే సంచిలో వేసి సీలు పెట్టాడు. ఈ సెక్యూరిటీ ఆఫీసులో తుపాకుల బీరువా చూసేది శ్రీకుమారే గనక, 'రివాల్వర్‌లో లోపం లేదు' అని అతను ఇవాళ రాసిస్తే చాలు. తప్పు కాపలావాడిదే అవుతుంది. మోహన్‌రాజ్ ఇంక ఎక్కడా తుపాకీ పట్టలేడు, ఉద్యోగమూ ఉండదు.

ఆ ముక్క రాయాలనే శ్రీకుమార్ నలభై రోజులుగా ఎదురు చూస్తున్నాడు.

సీలు చింపి రివాల్వర్‌ను బల్ల మీద పరిచిన గుడ్డ మీద పెట్టాడు. గొట్టం కొస ఒరలో రాసుకుని రాసుకుని తెల్లబడింది. పిడి అంచు చిట్లి ఉంది, మోటార్‌సైకిల్ మీంచి పడ్డనాటిది. పక్కన వంకర గీత నగల కొట్టు ఇనపకుర్చీది. ఒక్కో గీత ఎప్పుడు పడిందో శ్రీకుమార్‌కు తెలుసు.

"నా బీరువాలో దీనంత పాడుమొకం మరోటి నేదు. పొద్దున పెళ్లికూతుర్లా ఇస్తే సాయంత్రానికి ఇలాగ తెచ్చీవోడివి."

"మెరుపుదేటుందిలే అన్నా," అన్నాడు మోహన్‌రాజ్ నేల చూస్తూనే.

శ్రీకుమార్‌కు ఒళ్లు మండింది. మెరుపుదేముందట! ఏటి మొగలోంచి వచ్చే ఉప్పుగాలికి ఇక్కడ తాళంచెవులే తుప్పు పడతాయి. పద్దెనిమిదేళ్లుగా రోజూ సాయంత్రం నూనె గుడ్డతో తుపాకులే కాదు, తూటాలు కూడా ఒక్కొక్కటీ తుడిచి పెట్టేది అతనొక్కడే. ఇపో పట్నంలో శిక్షణ ఇచ్చినాయన తూటాలకు పొడిగుడ్డ చాలన్నాడు. ఇపోలో కూర్చున్నవాడికి ఈ ఊరి గాలి ఏం తెలుసు? శ్రీకుమార్ తూటాలు ఎప్పుడు చూసినా కొత్త ఇత్తడి దీపాల్లా ఉండేవి.

కలం తీసి, చివరిసారి రివాల్వర్‌ను వెలుతురుకు తిప్పాడు. తిప్పినవాడు అలాగే ఆగిపోయాడు.

గొట్టం కొసన, గురి చూసే ముక్కు మీద ఒక గీత. అతను ఎరగని గీత. ఆ సందులో గోరంత తోలు పీలిక ఇరుక్కుని ఉంది. నెమ్మదిగా తీస్తే ఒర తోలు తెగదు. ప్రాణం మీదికొచ్చి లాగితేనే తెగుతుంది.

"ఇదేటి? తియ్యనేదన్నావు గదా?"

మోహన్‌రాజ్ మొదటిసారి తల ఎత్తాడు. ఆ కళ్లలో ఉన్నది భయం కాదు, బతిమాలడం.

"దాన్ని ఇప్పకన్నా. దండం పెడతాను. నాదే తప్పని రాసీ. ఆ తూటాలు ఏట్లో పారీ లా."

శ్రీకుమార్ వినలేదు. రివాల్వర్ విప్పి వంచాడు. ఆరు తూటాలూ గుడ్డ మీద దొర్లాయి. మిలమిలా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటే తిరగేశాడు. మొదటిదాని అడుగు నున్నగా ఉంది. రెండోదీ అంతే. మూడోదాని అడుగున, సరిగ్గా నడిమి బిళ్ల మీద, మిరియం పట్టేంత నొక్కు. మీట నొక్కినప్పుడు రివాల్వర్ సుత్తి వచ్చి గుద్దిన నొక్కు. నాలుగోదానికీ ఉంది. అయిదోదానికీ ఉంది.

గుద్దు పడింది. ఒక్కటీ పేలలేదు.

ఇపో ఆయన మాటలో అతను చెవిన పెట్టని సగం ఇప్పుడు వినపడింది: "పొడిగుడ్డే వాడండి. నూనె తూటా లోపలికి దిగితే మందు చచ్చిపోతుంది."

వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. నూనె వాసన.

"మూడుసార్లు నొక్కినావు," అన్నాడు.

"నొక్కినానన్నా."

"ఈ నలభై రోజులూ నా సెల్లి నీ గుమ్మం ముందు మన్ను పోసి తిట్టింది. నాను నీ నీడ తొక్కనేదు. ఎందుకు సెప్పనేదురా?"

కిటికీ మీద చినుకులు మళ్లీ కొట్టాయి. ఈసారి ఇద్దరూ అటు చూశారు.

"నొక్కినప్పుడల్లా టక్కుమంది గానీ పేలనేదన్నా. సెల్లప్పన్ ఇన్నాడు, ఎందుకు పేలనేదో అతనికీ తెలిసిపోయింది," అన్నాడు మోహన్‌రాజ్. "అంబులెన్స్ వచ్చిందాకా నా సెయ్యి వదల్నేదు. ఒకటే మాట... 'మచ్చాన్‌కి సెప్పకు లా'."