గంటకు ఎనభై తొమ్మిది

"ఒప్పేసుకో షౌక్యా. పోలీసులు దారిలో ఉన్నారు."

రిమోట్ కార్ల క్లబ్బు ప్రెసిడెంటు చేర్డ్ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బయట ఫ్రీస్‌లాండ్ వాన, పోటీలు జరిగే ఖాళీ రన్‌వే. బల్ల మీద షౌక్య రిమోట్ కారు. బల్ల అవతల, ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చిన వీబ, రేపటి పోటీలో షౌక్యకు ప్రత్యర్థి. కాలికి సిమెంటు కట్టు.

తెల్లారుతూనే రన్‌వే మీద వేగం కొలిచే స్పీడ్ గన్ అమరుస్తుంటే ఆ కారే దూసుకొచ్చి గుద్దిందని వీబ చెప్పాడు. గన్‌లో గంటకు ఎనభై తొమ్మిది కిలోమీటర్లు చూశానన్నాడు. ప్రాక్టీసుకు హద్దు నలభై.

"నేనసలు ఇటు రాలేదు! రాత్రి ఎవరో నా షెడ్డు పై కిటికీలోంచి దూరి కారెత్తుకుపోయారు."

"రేపు పోటీ అనగా! భలే దొంగే దొరికాడు నీకు."

"పోనీ చేర్డ్, చిన్నపిల్ల," అన్నాడు వీబ. "రేపు ఆడనివ్వకపోతే చాలు. కేసులెందుకు?"

"రేపేంటి? జన్మలో మళ్ళీ ఈ రన్‌వే తొక్కనివ్వను."

షౌక్య కారును చేర్డ్ వైపు జరిపింది. "నా కారు అంత వేగం పోదు. కావాలంటే లెక్క కట్టండి."

చేర్డ్ కారు మూత విప్పాడు. మోటారు చక్రానికి ఇరవై రెండు పళ్ళు.

"నిన్న ఇరవయ్యేగా?"

"రాత్రే మార్చాను. ఇంకా ఎవరికీ చూపించలేదు."

దాన్ని పట్టి తిరిగే పెద్ద చక్రానికి అరవై ఆరు. మోటారు చుట్లు, బ్యాటరీ వోల్టులు, టైరు చుట్టుకొలత. పెన్సిలు గబగబా నడిచి ఆగింది.

"ఎనభై తొమ్మిది! అచ్చంగా అంతే. ఇంకేం చెప్తావ్ పిల్లా?"

గది గోడలు మీదికి జరిగినట్టయింది ఆమెకు. తన లెక్కే తనకు ఉరి. దూరంగా పోలీసు కారు మోత. షౌక్య కాగితం లాక్కుంది. పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ చదివింది.

"ఇరుసు దగ్గరి లోపలి గేర్లు వదిలేశారు. అవి వేగాన్ని ఇంకో రెండున్నర రెట్లు తగ్గిస్తాయి."

చేర్డ్ నాలుక కరుచుకుని మళ్ళీ వేశాడు. ముప్ఫై ఐదున్నర.

"మీరు మర్చిపోయారు, సరే. గన్ ఎలా మర్చిపోయింది? అది లెక్క వేయదు కదా, కొలుస్తుంది."

చేర్డ్ పెన్సిలు కింద పెట్టాడు.

"ఆ ఎనభై తొమ్మిది రావాలంటే," అంది షౌక్య, "మీలాగే మూత విప్పి, నేనెవరికీ చూపించని కొత్త చక్రం పళ్ళు లెక్కపెట్టి, లోపలి గేర్లు మర్చిపోయి ఉండాలి."

తలుపు చప్పుడైంది. చేర్డ్ లేచి కుర్చీ జరిపాడు. తడిసిన కోటుతో పోలీసావిడ లోపలికి వచ్చింది.

"గుద్దిన కారు ఎవరిదండీ?"

"కారు ఎవర్నీ గుద్దలేదమ్మా," అన్నాడు చేర్డ్, "దాన్ని షెడ్డులోంచి ఎత్తుకొస్తూ పై కిటికీలోంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఈ వీబ."