నల్ల ఉన్ని పింజ

స్వర్ణకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నిద్రలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనని.

రిత్విక్‌కు మూడో నెల. పాలు తాగి పడుకుంటాడు. గబగబా నాలుగైదుసార్లు ఊపిరి తీస్తాడు. తర్వాత ఏమీ ఉండదు. స్వర్ణ తనూ ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చిన్న పొట్ట మళ్లీ లేస్తుంది. అప్పుడు ఆమె గాలి వదులుతుంది.

రాత్రులు ఈ కాపలాతోనే గడిచిపోతాయి. అందుకే పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు. పెనం మీద జొన్నరొట్టె మాడి పొగ వచ్చేదాకా మెలకువ రాదు. లేస్తే తల దిమ్ము, గొంతు తడారి ఉంటుంది. కాన్పు తర్వాత ఒళ్లు వచ్చి పెళ్లినాటి జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు.

“గొర్రె ఈనినా గింత ఫికర్ పడది,” అనేది అత్త గోపమ్మ.

భర్త బీరన్న మేత కోసం మందను తోలుకుని కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోయాడు. వానలు పడేదాకా రాడు. ఇంట్లో అత్త, కోడలు, పసివాడు.

ఉన్నట్టుండి గోపమ్మ పల్లికాయ కూలికి పోవడం మానేసింది. అనుమానం అక్కడ మొదలైంది.

ఒక మధ్యాహ్నం స్వర్ణ బిడ్డను చేతి మీద పడుకోబెట్టుకుని తనూ కన్ను మూసింది. ఎవరో గొణుగుతున్నట్టు వినిపించింది. “పదహారు... పదిహేడు... పద్దెనిమిది...” ఎవరో భుజం పట్టి కుదిపారు.

“లే బిడ్డా. పిల్లగాడు ఏడ్చిండు.”

స్వర్ణ ఉలిక్కిపడి లేచింది. పిల్లవాడు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. గోపమ్మ చెయ్యి గబుక్కున కొంగులోకి పోయింది. దిండు మీద నల్ల ఉన్ని పింజ ఒకటి మిగిలింది.

మర్నాడు మళ్లీ అంతే. ఏడవని పిల్లవాడు ఏడ్చాడని స్వర్ణను లేపడం. దిండు మీద మళ్లీ ఉన్ని. మూడో రోజు మంచం పక్క గోడ మీద బొగ్గు గీతలు కనిపించాయి. లెక్కపెడితే పదకొండు.

స్వర్ణ పింజలన్నీ పౌడర్ డబ్బాలో దాచింది. ఆలేరులో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

“ఉన్నా? మీ అత్త మనసుల ఏమున్నదో. పిల్లగాడు పైలం,” అంది తల్లి.

స్వర్ణ నాన్న చేసింది టీ హోటల్ పని. గొర్రెలు కాసేవాళ్ల ఇళ్ల పద్ధతులు ఆమెకు పెళ్లయ్యాకే తెలిశాయి. కానీ ఇలాంటిది ఎవరూ చెప్పలేదు. సాయంత్రం అడిగేసింది.

“పిల్లగాని కాడ కూసొని ఏం లెక్కపెడుతున్నవ్ అత్తా?”

గోపమ్మ చాట కింద పెట్టలేదు. “బాలింతవు, నీకెందుకే గవన్ని? బెదిరితే పాలు ఇగిరిపోతయి.”

అంటే బెదరాల్సింది ఏదో ఉంది. స్వర్ణ ఆ పూటే సంచి సర్దింది.

“ఆలేరు పోత.”

“మీ అమ్మ పొద్దంత హోటల్ల ఉంటది. నువ్వు పండుకుంటే పక్కన ఎవరుంటరు?”

“నా కొడుకును నేను చూసుకుంట.”

గోపమ్మ సంచి మీద చెయ్యి వేసింది. “పోతువుగాని. ముందుగాల దవాఖానకు పోదాం. నేను గూడ వస్త.”

పొద్దున ఆత్మకూర్ బస్సు దిగగానే స్వర్ణ అత్త కోసం ఆగలేదు. బిడ్డను గుండెకు అదుముకుని దవాఖాన దాకా ఉరికింది. డాక్టరమ్మ ముందు డబ్బా మూత తీసింది. రొప్పుతూనే అంతా చెప్పింది.

డాక్టరమ్మ పిల్లవాడి గుండె, పొట్ట, వేళ్లు, పెదాలు అన్నీ చూసింది. తర్వాత స్వర్ణ మణికట్టు పట్టుకుంది.

“ఉరికొచ్చినట్టున్నవ్. గుండె దడదడ కొట్టుకుంటాంది. కొట్టుకొమ్మని నువ్వు చెప్పినవా?”

“లేదు మేడమ్.”

“మెదడు అడుగున, మెడకు పైన ఒక జాగా ఉంటది. మందకు కాపలా ఉన్నట్టు. నువ్వు ఉరికితే ఊపిరి, గుండె అదే పెంచుతది. పండుకుంటే అదే తగ్గిస్తది. పసిపిల్లలకు ఆ కాపలా ఇంకా కొత్త. ఐదారు సెకన్లు ఆగి మళ్ల మొదలుపెడుతది. ఇరవై సెకన్లు ఆగినా, పెదాలు నీలంగ అయినా వెంటనే తీసుకురా. వీడికైతే ఏం లేదు.”

అప్పటికి గోపమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. డాక్టరమ్మ డబ్బా చూపించింది.

“ఇదేంది అవ్వా?”

“గొర్రె ఈనంగనే పిల్ల కదలకపోతే ముక్కుకాడ ఉన్ని పెట్టి చూస్తం మేడమ్. ఊగితే పాణం ఉన్నట్టు.”

“మరి నీ మనుమడు మంచిగనే ఉన్నడు కద.”

గోపమ్మ కోడలి వైపు తిరిగింది. “పిల్లగానికి గాలి ఆడతలేదు. జరసేపు బయటికి తీస్కపో బిడ్డా.”

స్వర్ణ బయటికి వచ్చింది. కానీ దూరం పోలేదు. పిల్లవాణ్ని భుజాన వేసుకుని తలుపు వెనకే నిలబడింది. ఇప్పుడు అసలు సంగతి బయటపడుతుంది అనుకుంది. లోపల గోపమ్మ గొంతు బాగా తగ్గింది.

“పిల్లగానికి ఏం లేదని నాకెరికే మేడమ్, నేను ఉన్ని పెట్టి చూస్తున్నది నా కోడలి ముక్కుకాడ, పండుకుంటే దాని ఊపిరే ఆగుతాంది, ఆగినప్పుడల్ల గోడ మీద గీత గీస్తున్న, జర దాన్ని చూడుండ్రి.”