వీధి గుమ్మం

"తోస్తూనే ఉన్నానమ్మగారూ! మీ తలుపు నాకంటే మొండిది."

"అది తెరిచి ఎన్నేళ్లయిందో! రోజూ బట్టలుతకడానికి వచ్చినట్టు పెరటి గుమ్మంలోంచి రావే డల్సీ," అంది లోపల గడియ తీసి తలుపు లాగుతున్న ప్రాక్టర్ అమ్మగారు.

"ఇవాళ ఉతకడానికి కాదు, ఓటడగడానికొచ్చాను." డల్సీ కొత్త టోపీ సర్దుకుంది. "ఆస్ట్రేలియా జనాభా లెక్కలో మా ఆదివాసుల్నీ కలపాలా వద్దా అని శనివారం మిమ్మల్నందర్నీ అడుగుతారుగా. కలపాలనండి. ఓట్లడిగేవాళ్లు వీధి గుమ్మంలోకే వస్తారు."

"వీధి గుమ్మంలోకి పోలీసులూ, చీపుర్లమ్మేవాళ్లూ వస్తారు. మా చెల్లెలు కూడా పెరట్లోంచే వస్తుంది. అయినవాళ్ల దారి అదేనే పిచ్చిదానా!"

"మీ చెల్లెలు పెరట్లోంచి వచ్చి టీ బల్ల దగ్గర కూర్చుంటుంది. నేను పెరట్లోంచి వచ్చి బట్టల తొట్టి దగ్గర నిలబడతాను."

లోపల చప్పుడు ఆగిపోయింది.

'పోయింది ఓటు,' అనుకుంటూ డల్సీ కరపత్రాన్ని తలుపు సందులో దూర్చింది.

అంతలో ఇంటి పక్కనుంచి, చెప్పులనిండా బురదతో, అమ్మగారే నడిచొచ్చింది. డల్సీ పక్కన నిలబడి తన తలుపుకి తనే భుజం ఆనించింది.

"ఊఁ, ఇద్దరం కలిసి తోద్దాం. అవునే, టీలో పంచదార ఎంత వేసుకుంటావ్?"

"మీ చెల్లెలికెంతో నాకూ అంతే."