గాలి లెక్క

“ముందు సెన్సర్ చూడాలి. ఆ తర్వాతే ట్యూనింగ్,” ఫోన్‌లో అరుస్తున్నాడు మొతెగి. “ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోందో చెప్పేది అదే. అదే అబద్ధం చెబితే పెట్రోలు లెక్క నేనెలా కట్టనయ్యా? టర్బో బండంటే పండగ డోలనుకున్నావా, వచ్చినవాడల్లా వాయించిపోడానికి?”

ఫోన్ పెట్టేసి నవ్వుకుంటూ తిరిగాడు. నవ్వు ఆగిపోయింది. షెడ్డు వాకిట్లో కొగురె మాస్టారు నిలబడి ఉన్నారు. నవోకి తండ్రి.

అకాగి కొండకు అవతలి నుమాతా ఊరి నుంచి బస్సులో వచ్చినట్టున్నారు. చలిగాలికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. నవోకి అంత్యక్రియల్లో మొతెగి అందరికన్నా వెనక నిలబడి, ధూపం వేసి, ఈయన కంటపడకుండా వచ్చేశాడు. ఏదో ఒకరోజు ఈయనే వస్తాడని అప్పుడే అనుకున్నాడు.

“కూర్చోండి మాస్టారూ. టీ తెస్తాను.”

“వద్దండి. ఒకటి చూపించి వెళ్లిపోతాను.”

మాస్టారు చేతిలోని గుడ్డమూట విప్పారు. అగ్గిపెట్టెంత నల్లటి ప్లాస్టిక్ ముక్క. దాన్ని బల్ల మీద పెట్టి, గుడ్డను మూలకు మూల కలిపి, మడత మీద గోటితో గీసి పక్కన ఉంచారు.

“పోలీసులు కారులోంచి తీసిచ్చారు. ఇది నకిలీ సెన్సరని అంటున్నారు. నిజమేనా?”

మొతెగి దాన్ని దీపం కిందికి తీసుకెళ్లాడు. చూడక్కర్లేదు, అతనికి తెలుసు. ఆ ఆదివారం పొద్దున కొండదారిలో దుంగల లారీని దాటబోయి, సగంలోనే నవోకి కారు ఊపిరాగి చచ్చింది. ఎదురుగా వ్యాను వచ్చింది. ఆ ఇంజన్‌లో చెయ్యి పెట్టింది మొతెగి ఒక్కడేనని ఊళ్లో అందరికీ తెలుసు. ఇక్కడ ఒక్క మాట తప్పు దొర్లితే రేపు ఈ షెడ్డుకు తాళమే.

“నిజమే మాస్టారూ. ఇదిగో, గోటితో గీస్తే అక్షరాలు ఊడొస్తున్నాయి.”

“మీరు వేసిందేనా?”

“నేను ఇలాంటివి ముట్టుకోను. వాడే వేసుకున్నాడు. ఇక్కడే, నా స్క్రూడ్రైవర్ లాక్కుని.”

“పాతది పాడైందా?”

“పాడవలేదు, నీరసించింది. అది మారిస్తేగానీ ట్యూనింగ్ చెయ్యనన్నాను. అసలుది తెప్పిస్తున్నా, ఆగరా అన్నాను. ఈలోగా ఇది పట్టుకొచ్చాడు. చూడగానే చెప్పాను, ఒరేయ్, ఇది బండికి కాదు, చెత్తబుట్టకి తగిలించమని.”

మాస్టారు తల ఎత్తారు. “అయితే, నకిలీదని వాడికి తెలుసా?”

మొతెగి గుండె కుదుటపడింది. ఈ పెద్దమనిషికి కావలసింది ఇదే. తప్పెవరిదో తేల్చే మాట ఇదొక్కటే. దానికి తన దగ్గర ఉన్నది నిజమే, అల్లి చెప్పక్కర్లేదు.

“తెలుసు. మొహం మీదే చెప్పాను.”

“మీరు చెప్పాకే బిగించాడా?”

“చెప్పాకే. మా అమ్మ సమాధి మీద ఒట్టు.”

మాస్టారు మెల్లగా తల ఊపారు. అది చూసి మొతెగికి ధైర్యం వచ్చింది. ఇంకాస్త గట్టిగా చెప్పుకొచ్చాడు.

“వాడు వింటేనా! ‘ఈ ఒక్క ఆదివారం ఉండనీ బాబాయ్, సోమవారం నువ్వే పీకి పారేద్దువుగాని’ అన్నాడు. ఆదివారం ఏముందిరా అంటే, ఇది పంపినవాళ్లకి బానెట్ ఎత్తి చూపించాలట. పోస్టులో వచ్చిందట. రంగు కాగితం చుట్టి, పెళ్లి కానుకలా ఉంది. వాడు దాన్ని చింపలేదు మాస్టారూ. మెల్లగా విప్పి, మూలకు మూల కలిపి, అచ్చం మీలాగే మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.”

“కాగితాన్నా?”

“కాగితాన్నే! అప్పుడే అనుకున్నాను, ఎవరో అమ్మాయని. కార్ల సంగతి తెలియని పిల్ల. డబ్బా మీద బొమ్మ చూసి మోసపోయుంటుంది. ఏంట్రా, పెళ్లి భోజనం ఎప్పుడు అని ఏడిపించాను. చెవుల దాకా ఎర్రబడ్డాడు గానీ నోరు విప్పలేదు.”

మాస్టారు సెన్సర్‌ను చేతిలోకి తీసుకున్నారు. “పాతదే ఉండి ఉంటే?”

“దగ్గుతూ మూలుగుతూ ఇల్లు చేర్చేది. ఇలా దారి మధ్యలో ప్రాణం తియ్యదు.” మొతెగి గొంతు తగ్గించాడు. “మీకు ఆ కారంటే పడదని చెప్పేవాడు. శవపేటిక అనేవారట. మీ వాకిట్లో పెట్టనివ్వరట.”

“అన్నాను. పెట్టనివ్వలేదు కూడా.”

“మీరు అన్నదే నయం. కీడు కోరి అనలేదుగా. నా కోపమంతా ఇది పంపినవాళ్ల మీద. ఒక్క ఫోన్ చేసి ఏది కొనాలో అడిగి ఉంటే చెప్పేవాణ్ని కదా! వాళ్లెవరో తెలిస్తే జుట్టు పట్టుకుని ఆ మలుపు దగ్గరికి ఈడ్చుకెళ్లి చూపిస్తాను.”

మాస్టారు మడత విప్పి, సెన్సర్‌ను గుడ్డలో పెట్టి ముడి వేశారు. ముడి నిలవలేదు. మళ్లీ వేశారు. మొతెగికి నడుము వంచి నమస్కరించారు. చాలాసేపు వంగే ఉండేసరికి మొతెగి ఏం చెయ్యాలో తెలియక తనూ వంగాడు.

“నిజం చెప్పారు. మీ తప్పేమీ లేదు మొతెగి గారూ. ఎవరడిగినా అదే చెబుతాను.”

మొతెగికి ప్రాణం లేచొచ్చింది. వాకిలి దాకా వెంట నడిచాడు.

“ఆ పిల్ల ఎవరో వాకబు చేస్తారా మాస్టారూ?”

“పిల్లెవరూ లేరండి.” చెవుల మీదికి కోటు కాలరు లాక్కుని, మాస్టారు కొండ వైపు చూశారు.

“ఆ కాగితం చుట్టింది నేను.”