నువ్వూ వచ్చెయ్

ఇప్పుడు ఏటిగట్టు మీది ప్రతి ఊరికీ నీటిమట్టం కొలిచే ఒక నీటిపెట్టె ఉంది. నీళ్లు ప్రమాదపు గీత దాటితే ఊళ్లో అందరికీ అదే ఫోన్ చేస్తుంది. మామిళ్లగొందిని జలాశయం మింగేసింది. పొడవాటి స్తంభం మీది పెట్టె మాత్రం మిగిలింది. గీత ఎప్పుడూ మునిగే ఉంటుంది కాబట్టి, రోజూ తెల్లారేసరికి పునరావాస కాలనీలో ఫోన్లన్నీ మోగుతాయి.

వాటిని ఆపించడానికి నీటిపారుదల ఆఫీసు ఫర్జానాను పంపింది. ఆమె కుంజా లచ్చమ్మ అరుగు మీద కూర్చుని, ట్యాబ్‌లో పెట్టె ప్రోగ్రాం తెరిచింది. ఇకపై నీటి లెక్కలు ఆఫీసుకు మాత్రమే వెళ్తాయి. మనుషులకు ఫోన్ రాదు.

"తీసెయ్యకు తల్లీ. మా ఊరి పేరెత్తి పిలిచేది అదొక్కటే" అంది లచ్చమ్మ.

"నా చేతుల్లో లేదు పెద్దమ్మా."

నంబర్లు చెరిపేముందు ఒకసారి మోగించి చూడాలి. ఫర్జానా మోగించింది. లచ్చమ్మ ఫోన్ చెవికి ఆనించుకుంది. అందులోంచి పెట్టె ఆడగొంతు వినిపించింది.

"మామిళ్లగొంది వాళ్లారా, నీళ్లొస్తున్నాయి. అందరూ గుట్టెక్కండి."

లచ్చమ్మ రోజూ చెప్పే జవాబే చెప్పింది. "మేం ఎక్కేశాం బిడ్డా." ఈసారి ఇంకో మాట కలిపింది. "అక్కడ నువ్వొక్కదానివే ఉండిపోయావు. నువ్వూ వచ్చెయ్."

ఆమె ఫోన్ దించేదాకా ఆగి, ఫర్జానా ఆ నంబరు చెరిపేసింది.