వంపు తిరిగిన బంతి

బల్ల మీద నాలుగు నల్లటి బంతులు, గుమ్మడికాయలంత. ఒక్కోదానికి మూడు చిల్లులు.

జయశీల అన్నిటికంటే తేలికైనది తీసుకుంది.

"బరువు చూసి ఎంచుకోబాకమ్మా," అన్నాడు వడ్రంగి క్రీస్తురాజు. "నీ వేళ్ళు దేంట్లో ఇముడుతాయో చూసుకో."

కావలికి అవతల ఒక మిషను ఆసుపత్రిలో ఆమె నర్సు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో సంక్రాంతి వెళ్ళాక ఎద్దులబండి తిరగబడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. ఆర్నెల్లుగా ఆ చేతిని పైట కింద దాచుకునే తిరుగుతోంది. జడ కూడా వాళ్ళమ్మే వేస్తోంది.

డాక్టరు దొర సెలవు మీద అమెరికా వెళుతూ, తన బంగళా వసారా తాళం క్రీస్తురాజుకిచ్చాడు. బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగు ఆట అక్కడే. బంతి దొర్లడానికి టేకు పలకల బాట పరిచింది అతనే.

"ఆ అమ్మాయి చేత రోజూ కుడిచేత్తో ఆడించు," అని మాత్రం చెప్పి వెళ్ళాడు దొర.

తేలిక బంతిలో ఆమె బొటనవేలు ఇరుక్కుపోయింది. రెండోది చేతిలోంచి జారింది. మూడోది బరువే. కానీ వేళ్ళు నొప్పి లేకుండా వెళ్ళాయి, నొప్పి లేకుండా వచ్చాయి.

"ఇదన్నా."

"అయితే ఇంక అది నీదే."

మొదటి వారమంతా బంతి బాట పక్కనున్న కాలవలోనే పడింది. బాట చివర, సీసాల్లాంటి పది కొయ్యలూ చెక్కుచెదరలేదు.

"తిన్నగా వెయ్యడం నా వల్ల కాదన్నా. చెయ్యే వంకరపోయింది."

"తిన్నగా ఎవురు వెయ్యమన్నారు?"

అతను పక్కన నిలబడి ఉత్త చేత్తో చూపించాడు.

"బొటనవేలు ముందు బయటికి రావాల. తాళంచెవి తిప్పినట్టు ఈ రెండు వేళ్ళతో తిప్పి వదలాల. కొసకు పోయి వంపు తిరుగుతాది. దొర అట్నే వేస్తాడు."

ఒక సాయంత్రం ఆమె బంతిని ఒళ్ళో పెట్టుకుని కూలబడింది.

"మళ్ళీ సూది పట్టుకోలేకపోతే, అన్నా?"

క్రీస్తురాజు ఆమె ఒళ్ళోంచి బంతి తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలవదమ్మా. రేపు కూడా రా."

ఆమె వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

మూడో వారంలో ఒక రోజు బంతి కుడి అంచు వెంబడి దొర్లింది. ఇక కాలవలో పడుతుందనగా ఎడమకు ఒంగి, కొయ్యల మధ్యకు దూసుకుపోయింది.

ఎనిమిది పడ్డాయి.

జయశీల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

క్రీస్తురాజు కొయ్యలు నిలబెట్టడానికి వెళ్ళి, అటు తిరిగి అలాగే వంగి ఉండిపోయాడు.

తెల్లారి వాళ్ళమ్మ రెబెక్కమ్మ దువ్వెన పట్టుకుని వచ్చేసరికి, జయశీల తనే జడ వేసుకుని కూర్చుని ఉంది.

జడ వదులుగా, ఒక పక్కకు పోయి ఉంది.

రెబెక్కమ్మ దాన్ని సరిచెయ్యకుండా దువ్వెన గూట్లో పెట్టేసింది.